తలుపు మీద అయిదు

"రాత్రి ఈ ఇంట్లో పడుకున్నది ఎంతమంది, అవ్వా?" జనాభా లెక్కలకు వచ్చిన టీచరమ్మ అడిగింది.

"అయిదుగురం," అంది ముసలి మంత్రసాని గొంతు తగ్గించి. అయిదో మనిషి గాదె వెనక నక్కి ఉంది. పై వీధి పిల్ల. కింది వీధి కుర్రాణ్ణి పెళ్లాడినందుకు చంపుతామని సొంత అన్నలే వెతుకుతున్నారు. తను పుట్టినప్పుడు తల్లికి పురుడు పోసిన చేతులనే నమ్ముకుని వచ్చింది.

"నా నోరు దాటదులే అవ్వా," అని అంతా విన్న టీచరమ్మ మాటిచ్చింది. బయటికొచ్చి, ప్రతి ఇంటికీ రాసినట్టే తలుపు మీద సుద్దముక్కతో ఇంటి నంబరు, కింద మనుషుల సంఖ్య రాసింది.

నాలుగిళ్లు దాటాక చటుక్కున ఆగింది. అవ్వ ఇంట్లో ఉండేది నలుగురేనని ఊరందరికీ తెలుసు. పరుగున వెనక్కి వచ్చి కొంగుతో అయిదును తుడుస్తుంటే చేతి మీద నీడ పడింది. ఆ పిల్ల పెద్దన్న.

"ఏంటి తుడిచేస్తున్నారు టీచరమ్మా?"

"తప్పు పడింది. నలుగురే."

"పిల్లలకి లెక్కలు చెప్పేది మీరేగా," అతను నవ్వాడు. "పదండి, కలిసి మళ్లీ లెక్కపెడదాం."

ఆమె గుమ్మానికి అడ్డంగా నిలబడి, పెరటిదాకా వినబడేలా గొంతెత్తింది. "అవ్వా, పై వీధి పెద్దబ్బాయిగారు వచ్చారు. లెక్క మళ్లీ చూడాలట. నింపాదిగా ఒక్కొక్కరే రండి."

లోపల పెరటి తలుపు గడియ కిర్రుమంది.

అతనికీ వినబడింది.