మెషిన్ శ్రుతి

నీళ్లతో కరెంటు తీసే ఆ పవర్‌హౌస్‌లో మెషిన్ తిరిగితే, గోడ అవతల క్వార్టర్లలో చెంచాలు కూడా సన్నగా మూలిగేవి. ఆపరేటర్ కూతురు ఆ హోరులోనే పెరిగింది. తిరిగినంతసేపూ మెషిన్ స్వరం మారదు. అదే ఆ పిల్లకి శ్రుతి. శ్రుతిపెట్టె కొనిస్తే, అది ముక్కుతో పాడుతుందని మూల పడేసింది.

సోలార్ పలకలు వచ్చాక సంగతి మారింది. ఎండ ఉన్నంతసేపూ చవక కరెంటు అక్కణ్ణించే వస్తుంది. మెషిన్ ఆపి నీళ్లు దాచుకుంటారు. పొద్దు వాలాకో, మబ్బు పట్టాకో వదులుతారు. దాంతో పగలంతా క్వార్టర్లు మూగబోయాయి. ఆ నిశ్శబ్దంలో ఒకసారి కాలనీ హాల్లో పాడబోయి, శ్రుతి జారి, పిల్ల వేదిక దిగి వచ్చేసింది. మళ్లీ నలుగురిలో నోరు విప్పలేదు. ఈ మధ్యాహ్నం అదే హాల్లో విప్పబోతోంది.

"నాన్నా, కాసేపు మెషిన్ తిప్పకూడదూ?" అంది పొద్దున.

"ఆ నీళ్లు సాయంత్రానికి ఊరివి తల్లీ."

"నేను పాడేదీ ఊరికేగా?"

పిల్ల తల నిమిరి ఆపరేటర్ పవర్‌హౌస్‌కి డ్యూటీకి వచ్చేశాడు. మధ్యాహ్నం, పాట అతనికి వినబడేలా, హాల్లో ముందు వరసలో కూర్చున్న బావమరిది ఫోన్ కలిపి పట్టుకున్నాడు. అతనిది సోలార్ పలకల దగ్గర ఉద్యోగం, ఇవాళ సెలవు.

"బావా, బయట ఎండ చూశావా? జీతమిచ్చి మరీ నిన్ను జోకొడుతున్నారు."

"మబ్బు తునక కనబడితే జ్వరమొచ్చే పలకలు మీవి. కబుర్లాపి ఫోన్ సరిగ్గా పట్టుకో."

పాట మొదలైంది. గొంతులో చిన్న వణుకు. ఆమెకి వినబడుతుందన్నట్టు తను ఇక్కడ సన్నగా శ్రుతి కలిపాడు. వణుకు తగ్గింది. అది తన వల్లేనని ఒక్క క్షణం నమ్మాడు కూడా.

అంతలో బల్లమీద రెండో ఫోన్ మోగింది. కరెంటు పంపకం చూసే ఆఫీసు. "మబ్బు కమ్మింది. సోలార్ పడిపోతోంది. మెషిన్ తిప్పి లైన్‌కి ఎక్కించండి."

పొద్దున్నుంచీ కోరుకున్నదే. వచ్చింది మాత్రం రాకూడని వేళకి. నిలిచి ఉన్న మెషిన్ ఒక్కసారిగా తన స్వరం అందుకోదు. అడుగునుంచి మూలుగుతూ, తప్పుడు స్వరాలన్నీ పాకుతూ పైకొస్తుంది. ఆ మూలుగు పిల్లని తనతో లాక్కుపోతే? పాట అయ్యేదాకా ఆగితే? ఆ ఆలోచన తనదేనా అని తెల్లబోయాడు. ఊళ్లో ఎన్ని లిఫ్టులు, ఎన్ని మిల్లులు, ఎందరి పొయ్యిలు. నీటి గేటు తెరిచాడు.

నేల కింద మూలుగు లేచింది. హాలుదాకా పాకి ఫోన్‌లోనూ అదే మూలుగు, దాని మీద కూతురి గొంతు. కళ్లు మీటరు ముల్లు మీద, ప్రాణం చెవుల్లో. ముల్లు నిటారుగా నిలిచినప్పుడే స్విచ్ వేయాలి. అప్పుడే మెషిన్ లైన్లో కుదుపు లేకుండా కలుస్తుంది. మూలుగు పైకి పాకుతోంది. పిల్ల ఒకే స్వరాన్ని చాచి పట్టుకుంది. జారలేదు. వెతుక్కోలేదు.

ముల్లు నిలిచింది. స్విచ్ వేశాడు.

ఫోన్‌లో రెండు గొంతులు ఒకటయ్యాయి. ఏది మెషిన్‌దో ఏది పిల్లదో తండ్రికే తెలియలేదు. ఇన్నాళ్లూ పిల్ల మెషిన్‌కి ఆనుకుని పాడుతోందనుకున్నాడు. ఆ స్వరం ఎప్పుడో ఆమె లోపలికెళ్లి కాపురం పెట్టిందని ఇప్పుడు తెలిసింది. తను అక్కర్లేకపోవడంలో ఇంత సుఖం ఉంటుందని అతనికి తెలియదు. ఒక్కడే కూర్చుని పకపకా నవ్వాడు.

చప్పట్ల మధ్య బావమరిది గొంతు. "లైట్లు రెప్ప కూడా వేయలేదు బావా."

"ఇంకెప్పుడూ జోకొడుతున్నారు అనవుగా?"

"అంటాను. కాస్త మెల్లగా."

ఫోన్ చేతులు మారింది.

"నాన్నా, మీ మెషిన్ ఆలస్యంగా వచ్చింది. పైగా అపశ్రుతిలో. అది సర్దుకునేదాకా స్వరం పట్టుకుని నిలబడలేక చచ్చాను."

"దానికి చెప్తాలే తల్లీ," అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. "ఇంకొకటి పాడు. సాయంత్రం దాకా అది ఆగదు."