మొలతాడుకు తాళంచెవి

నా బామ్మర్ది అంతయ్యకు కాదనడం చేతకాదు. దేవుడు మనిషికి నోరిచ్చింది తినడానికీ, అవసరం పడ్డప్పుడు లేదు పొమ్మనడానికీ. వాడు మొదటి పని ఒక్కటే నేర్చుకున్నాడు. మానేరు డ్యాంలో ఇద్దరం ఒకే పడవ మీద చేపలు పడతాం కాబట్టి ఆ బాధంతా నాకే తగులుకుంది.

వలల సంగతి వేరు. వాటిని ఎవరూ అడగరు. పోయేవన్నీ వల కాని సామాన్లే. నీళ్లు తోడే నూనె డబ్బా, పది గజాల తాడు, గాలి నింపిన లారీ ట్యూబు, ఇంకో తెడ్డు, చిల్లు పడితే కుక్కడానికి గుడ్డపీలికలు, తారు ముద్ద. వల పోయినా ఇంటికి రావచ్చు, ఇవి లేకపోతే రాలేమని మా బాపు అనేవాడు. అదే మాట అంతయ్యకు వెయ్యిసార్లు చెప్పాను. గోడకు చెప్పినా ఈపాటికి తలూపేది.

డబ్బా ఓ పెళ్లివారింట్లో చారు వడ్డించడానికి పోయి, సొట్టలతో తిరిగొచ్చింది. తెడ్డుతో ఎవరో సున్నం కలిపి, కొస కాల్చి తెచ్చిచ్చారు. చివరికి ట్యూబు, తాడు మా ఊరి సీమోనుకు పోయాయి. సీమోనుకు రెండు బర్రెలున్నాయి. డ్యాం నిండాక నీళ్ల మధ్య మిగిలిపోయిన గుట్ట మీద గడ్డి కోసి, మోపులు ట్యూబు మీద కట్టి, ఈదుకుంటూ ఒడ్డుకు తోసుకొస్తాడు.

"నాలుగొద్దులల్ల ఇస్తనన్నడు బావా," అన్నాడు అంతయ్య.

"పదొద్దులాయె! పడవ మునిగితే సీమోను గడ్డిమోపు మీద కూసొని వస్తవారా?"

వాడు నవ్వాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆ సాయంత్రమే మిగిలిన సామానంతా ఇంటికి మోసుకొచ్చి, ఇనుప పెట్టెలో వేసి తాళం పెట్టాను. చెవి మొలతాడుకు కట్టుకున్నాను. ఇక ఎవడడుగుతాడో చూస్తాననుకున్నాను. నా భార్య కొమురవ్వ చూసి, "పడవల సామాను పెట్టెలుంటే పడవల ఏముంటదయ్యా?" అంది. రోజూ పొద్దున తీసుకుపోతాను, నీకెందుకన్నాను.

మూడు రోజులు తీసుకుపోయాను. నాలుగో రోజు అంతయ్య తెల్లవారగానే వచ్చి, సీమోను ఇంకో రెండు రోజులు ట్యూబు ఉంచుకుంటానన్నాడని చెప్పాడు. సరేనని కూడా అనేశాడట. ఇక నేను ఊరుకుంటానా? ఇంటి దగ్గర మొదలుపెట్టి ఒడ్డు దాకా తిట్టాను. వలలు ఎత్తుతూ తిట్టాను. పడవ నీళ్లలోకి తోస్తూ తిట్టాను. వాడు వింటూ తెడ్డు వేశాడు.

గుట్ట దాటుతుండగా గాలి లేచింది. ఆ నీళ్ల కింద మునిగిపోయిన ఊరి తాటిచెట్లుండేవి. వాటి మోడులు ఎక్కడెక్కడున్నాయో నాకు బాగా తెలుసు. కానీ తిట్టేవాడికి దారి కనిపిస్తుందా? పడవ మోడుకు కొట్టుకుంది. అడుగు పలక చీలి నీళ్లు బుసబుసా లోపలికొచ్చాయి.

"డబ్బా అందుకో!" అని అరిచాను.

అంతయ్య పీట కింద చెయ్యి పెట్టి వెతికాడు, ఆగాడు, నా నడుం వైపు చూశాడు. అప్పుడు తెలిసింది నాకు. తిట్టే ధ్యాసలో పెట్టె తెరవనే లేదు. చెవి నా మొలతాడుకే వేలాడుతోంది.

వాడు తలగుడ్డ విప్పి చీలికలో కుక్కాడు. నేను సద్ది గిన్నెలో అన్నం నీళ్లలో పారబోసి, దాంతో తోడడం మొదలుపెట్టాను. గిన్నెడు తోడితే బిందెడు వస్తోంది. ఈత మా ఇద్దరికీ వచ్చు. కానీ చుట్టూ మోడులు, కాళ్ల కింద వలలు, ఒడ్డు మైలున్నర దూరం. అందులోనూ ఆ పడవ తప్ప మాకు ఇంకో బతుకుదెరువు లేదు. నిజం చెప్తున్నాను, నాకు భయమేసింది.

"సీమోనన్నా!" అంతయ్య గుట్ట వైపు తిరిగి గొంతు చించుకున్నాడు. "ఓ సీమోనన్నా!"

గుట్ట దిగువన నీళ్లలో ఒక తల కదిలింది. సీమోను గడ్డిమోపులు విప్పి వదిలేసి, ట్యూబు మీద పడి ఈదుకొచ్చాడు. మా తాడుతోనే మా ట్యూబును పడవకు మునుగుతున్న వైపు కట్టాడు. ముగ్గురం నీళ్లలోకి దిగి, పట్టుకుని, తన్నుకుంటూ తోశాం. ఎట్లాగో గుట్ట మీద పడ్డాం.

నీళ్ల మీద సీమోను గడ్డి దూరంగా కొట్టుకుపోతోంది. పొద్దుటి నుంచీ వంచిన నడుము కష్టమది.

"రాయమల్లన్నా, తాడు, ట్యూబు గిప్పుడే తీస్కో," అన్నాడు సీమోను నాతో, తల వంచుకుని. "మాట తప్పిన, ఏమనుకోకు. కాకపోతే గడ్డంత పాయె, బర్లు పస్తుంటయి. రేపొక్క దినం..." అని అంతయ్య వైపు చూశాడు.

అంతయ్య సరే అనలేదు. ఎప్పుడూ లేనిది, నోరు మూసుకుని తలగుడ్డ పిండుకుంటూ కూర్చున్నాడు. నా కోపం మళ్లీ నెత్తికెక్కింది.

"ఇన్నొద్దులు అందరికి ఊ కొట్టినవు గదరా, గిప్పుడేమైంది నీ నోటికి? జెప్పు!"

వాడు నా నడుం వైపు చూశాడు.

"నేనేం జెప్పాలె బావా? చెవి నీతాననే ఉన్నది."