సోమవారం జ్వరం

అల్లం దంచుతూంటే మా అత్త అచ్చియమ్మ పీట లాక్కుని రోటి పక్కన కూచుంది. "పోయిన సోమారం తాతారావుకి జొరం. మంచం దిగనేదు. నువ్వే గంజి కాసిచ్చావు. గేపకం ఎట్టుకో," అంది.

తాతారావు నా మరిది. పోయిన సోమవారం అతనికి జ్వరం లేదు. చీకటి పడుతూండగా జీపు దిగి, నూతి దగ్గర మోచేతులదాకా కడుక్కున్నాడు. నీళ్లు తోడి పోసింది నేనే. చొక్కా మీద నెత్తురేమిటంటే, దుప్పిని కొట్టామన్నాడు. బుధవారం ఘాట్ రోడ్డు మలుపు కింద లోయలో భీముడి శవం దొరికింది. మావాళ్లు కొండమీద టేకు దొంగతనంగా నరికిస్తున్నారని అర్జీ పెట్టిన గిరిజన రైతు అతను.

మధ్యాహ్నం భోజనానికొచ్చి మా ఆయన, కలప కంట్రాక్టరు రామారావు కూడా అదే మాట చెప్పాడు. శుక్రవారం అరకు బంగళాలో మెజిస్ట్రేటు విచారణట. అన్న సాక్ష్యం చెబితే తమ్ముడి కోసమంటారట. నేను ఎస్సెల్సీ చదివాను, నెమ్మదిగా మాట్లాడతాను, నా మాటైతే నమ్ముతారట. పదకొండేళ్లలో ఆ ఇంట్లో నా మాట ఎవరికైనా కావలసి రావడం అదే మొదలు. మా కూడు తిన్నావు, మా పరువు కాపాడమంది అత్త. ముప్పైమంది కలప కూలీలకి కూడా కలిపి ఆ కూడు వండింది నేనేనని నోటిదాకా వచ్చింది. ఆ ఇంట్లో నాకు భయం కొత్త కాదు. మా ఆయన చెప్పులు విడిచే చప్పుడును బట్టి ఆ పూటెలా గడుస్తుందో చెప్పగలను. ఇది వేరు. తాతారావు నేను వడ్డించిన అన్నం కలుపుకుంటూ నా మొహమే చూస్తున్నాడు. గరిటె గిన్నెలో పెట్టేసి, చారు తెస్తానని లోపలికి పోయాను.

శుక్రవారం పొద్దున్న జీపు నడిపింది తాతారావే. పక్కన మా ఆయన, వెనక నేను. మంచు ఇంకా విడలేదు. ఆ మలుపులో బండి ఆపి, వెనక్కి తిరగకుండానే అన్నాడు.

"ఇక్కడ లోతెక్కువ వదినా. పడినోళ్లు బేగి దొరకరు."

నాకు మా ఆయన మెడ మాత్రమే కనిపిస్తోంది. తమ్ముణ్ణి ఊరుకోమంటాడేమోనని చూశాను. ఆయన అద్దం మీద మంచు తుడిచి, "బండి పోనీ, టైమయిపోతంది," అన్నాడు.

బంగళా వరండాలో భీముడి పెళ్లాం కనక నేలమీద కూచుని ఉంది. నన్ను చూడగానే, కంట్రాక్టరు ఇంటి మనిషినని, లేవబోయింది. ఆమె కళ్లు నా వెనకొస్తున్న అన్నదమ్ముల మీదున్నాయి. నావీ అటే తిరిగాయి. మేమిద్దరం భయపడుతున్నది ఒకే మనుషులకని అప్పుడు అర్థమైంది.

నాకంటే ముందే తాతారావు చెప్పాల్సింది చెప్పేసి జీపులో కూచున్నాడు. మెజిస్ట్రేటు నన్ను ఒక్కటే అడిగారు, ఆరోజు మీ మరిది మంచంలోనే ఉన్నాడా అని.

"లేడండి," అన్నాను.

ఆ తర్వాత నూతి దగ్గర చూసిందంతా ఒక్కొక్కటే చెప్పాను. గుమ్మం దగ్గర నిలబడ్డ మా ఆయన దగ్గాడు. ఆ దగ్గు వింటే మాట ఆపెయ్యడం నాకు అలవాటు. ఆపలేదు.

గుమాస్తా కాగితం సంతకానికి నా వైపు తిప్పుతూ, "కేరాఫ్ రామారావు, అనంతగిరి అని రాసుకోనామ్మా?" అన్నాడు.

కిటికీలోంచి జీపు కనిపిస్తోంది. ఇంజను ఆపలేదు. నేనింక ఆ బండెక్కను.

"పేరు సత్యకుమారి. అదొక్కటే రాయండి," అన్నాను. "ఊరు సాయంత్రానికి చెబుతాను."