మా నాన్న ప్లిమత్‌లో ఏ ఇంజనుంది?

మా నాన్న ఎవెలియోకి కళ్లలో పొరలు వచ్చాయి. ఇక స్టీరింగు ముట్టుకోవద్దని డాక్టరమ్మ చెప్పిన రోజు మా బంధువుల్లో ఒక్కరూ ఆయన కళ్ల గురించి అడగలేదు. అందరి నోటా ఒకటే మాట, ప్లిమత్ ఇక ఎవరిదని. 1951 నాటి కారది, ఆకుపచ్చది. మతాంజాస్ ఊళ్లో మా నాన్న కంటే దానికే ఎక్కువమంది తెలిసినవాళ్లున్నారు.

ఆ కారు నాకు కావాలి. ఇందులో సిగ్గుపడేదేమీ లేదు. నేను పియానోలు శ్రుతి చేస్తాను. సంగీత పాఠశాలలన్నీ పై ఊళ్లలోనే, కార్దెనాస్‌లో ఒకటి, కోలోన్‌లో ఒకటి, ఇంకా అవతల మరో మూడు. బరువైన పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, లారీ వెనకెక్కి, ఒకోసారి పందుల పక్కన నిలబడి వెళ్లాలి. దిగాక వణికే చేతులతో తీగలు బిగించాలి. నలభై మూడేళ్లొచ్చాయి. నా భుజం ఇంకో ఏడాది ఈ లారీలు భరించదు. ఆ తర్వాత పని మానేయాల్సిందే. పియానోలు లేకుండా నేనేం చేస్తానో నాకే తెలీదు. డ్రైవింగ్ లైసెన్సు మాత్రం పదేళ్లుగా ఉంది, కారే లేదు.

నేను కన్నకూతుర్నే, కాకపోతే మా బాబాయి కొడుకులున్నారు, ఓస్మానీ, రెయినేర్ అని. ఇద్దరూ మెకానిక్కులే. వాళ్లంటే మా నాన్నకి ప్రాణం. వాళ్లు మాట్లాడేదంతా ఆయనకి అర్థమవుతుంది. నేను పియానోల గురించి మొదలుపెడితే ఆయన ఆవలిస్తాడు.

ఎవరికీ తగువు రాకుండా ఆయనే ఒక తీర్పు చెప్పాడు. బానెట్ మూసి ఉంచుతాడు, కారు స్టార్ట్ చేస్తాడు. చుట్టాలైనా పొరుగువాళ్లైనా, చెవితో విని అందులో ఏ ఇంజనుందో ఎవరు చెబితే తాళం వాళ్లది. మనిషికి ఒక్క జవాబే. ఒకరిది ఒకరు కాపీ కొట్టకుండా, జవాబు ఆయన చెవిలోనే చెప్పాలి.

ఇది మామూలు పందెం కాదు. మా ఊళ్లో పెళ్లికొడుకుది ఏ ఇల్లని అడిగే ముందు అతని కారులో ఏ ఇంజనని అడుగుతారు. ఇక్కడికి కొత్త కార్లూ రావు, పాతవాటి ఇంజన్లూ దొరకవు, అందుకే బ్యూయిక్‌లో రష్యా జీపు గుండె ఉంటుంది, ఫోర్డ్‌లో ట్రాక్టరుది. ఎంత దూరపు ఇంజను తెచ్చి ఇరికిస్తే అంత మొనగాడు. ముప్పై ఏళ్ల కిందట పాత ఇంజను చచ్చిపోయిందని మా నాన్న పక్కింటి ఉబాల్దో దగ్గర ఇంజన్లెత్తే గొలుసు కప్పీ అరువు తెచ్చి, రెండు రోజులు గ్యారేజీ తలుపేసుకుని, ఒక్కడే వేరే ఇంజను ఎక్కించాడు. అది ఏమిటో ఎవరికీ చెప్పలేదు. ఆ రోజు నుంచి బానెట్‌కి తాళంకప్ప. ఏటా తనిఖీకి కూడా ఒక్కడే వెళ్లొచ్చేవాడు. "అలాంటిది ఈ జిల్లాలో ఇంకోటి లేదు," అని డామినో బల్ల దగ్గర ముప్పై ఏళ్లు కోతలు కోశాడు. ఊరు నోరెళ్లబెట్టి వింది.

ఆదివారం పొద్దున వీధి వీధంతా కుర్చీలు తెచ్చుకుని మా గుమ్మం ముందు కూర్చుంది. ఉబాల్దో భార్య చేమదుంప గారెలు వేసి పళ్లెం తిప్పింది. రమ్ము పొద్దున్నే వద్దని ఎవరో అన్నారు గానీ, ఆ అన్నవాడే ముందు గ్లాసు పట్టాడు. నాన్న ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారు పక్కన స్టూలు మీద న్యాయమూర్తి హోదాలో కూర్చున్నాడు. కిటికీలోంచి చెయ్యి పెట్టి కారు స్టార్ట్ చేశాడు. వీధి మొత్తం గప్‌చుప్.

రెయినేర్ కళ్లు మూసుకుని, రోడ్డు మీద బోర్లా పడుకుని, కారు కింద చెవి పెట్టి విన్నాడు. లేచి నాన్న చెవిలో ఏదో అన్నాడు. నాన్న తల అడ్డంగా ఊపాడు. రష్యా వోల్గా కారు ఇంజనన్నానని రెయినేర్ పైకే ఒప్పుకుని గారెల దగ్గరికి పోయాడు. ఆ తర్వాత రొట్టెల భట్టీ ఆయన పడవ ఇంజనన్నాడు. పోస్టుమాస్టరు జపాన్‌ది అన్నాడు, ఓడాక ఇద్దరూ పైకే చెప్పుకున్నారు. ఉబాల్దో అయితే చెవిలో చెప్పే ఓపిక లేక, అది రష్యా బట్టల మెషిన్ మోటారని వీధికంతా వినపడేలా అరిచాడు. నవ్వులకి కుర్చీలు కదిలిపోయాయి. తప్పు చెప్పిన ప్రతివాడికీ నాన్న ఛాతీ ఇంకాస్త పొంగింది. ఆయన సంతోషం చూస్తూ నా కారు పోతోందన్న సంగతి ఓ నిమిషం మర్చిపోయాను.

ఓస్మానీ చాలాసేపు విన్నాడు. చివరికి చెవిలో చెప్పి, నాన్న ముఖంలోకి ఆశగా చూశాడు. అదీ కాదు. వాడు నిజంగానే బాధపడ్డాడు.

"అక్కా, ఇక నువ్వే," అన్నాడు. "పియానో ఇంజనని చెప్పు, ఏమో, అదే కావచ్చు."

నేను లేచి వెళ్లి బానెట్ మీద రెండు అరచేతులూ ఆనించాను. నాకు ఇంజన్లు తెలీవు, నిజం. కానీ ఒకే స్వరానికి కట్టిన రెండు తీగల్లో ఒకటి వెంట్రుకవాసి తప్పినా, వాటి మధ్య శబ్దం హెచ్చుతూ తగ్గుతూ ఒక ఊగు పుడుతుంది. ఆ ఊగుని పట్టుకోవడమే నా వృత్తి. ఈ ఊళ్లో ఏ టాక్సీ ఎక్కినా నాకా ఊగు వినపడుతుంది. ఇంజను ఒక లెక్కన వణుకుతుంది, కారు ఒళ్లు ఇంకో లెక్కన, రెండూ దారంతా పోట్లాడుకుంటాయి. తలనొప్పి వస్తుంది. ఇక్కడ పొగగొట్టం గరగరలాడుతోంది, ఫ్యాను ఎక్కడో తగులుతోంది. వాటన్నిటి కింద వెతికాను. ఊగు లేదు. ఇంకోసారి వెతికాను. లేదు.

అప్పుడొచ్చిన ఆలోచనకి నాకే నవ్వొచ్చింది. ఇంత పిచ్చి జవాబు మతాంజాస్‌లో ఎవడూ చెప్పడు. వంగి నాన్న చెవిలో చెప్పాను.

"దాని సొంతదే నాన్నా. పుట్టినప్పటిదే."

నాన్న చెవి ఎర్రబడింది. కాదనడానికి పెదాలు విడివడటం నేను దగ్గర్నుంచి చూశాను. ఆయన కాదంటే కాదే, చెవిలో చెప్పిన మాటకి సాక్ష్యం ఎక్కడుంది? కారు పోతుంది, పోనీ. రేపటి నుంచి ఈయన ముఖం ఎలా చూడాలన్నదే నా బాధ.

"ఎలా తెలిసింది?" అన్నాడు నాకు మాత్రమే వినపడేలా.

"మిగతా కార్లలో ఇంజనూ కారూ కొట్టుకుంటాయి. ఇందులో కొట్టుకోవట్లేదు."

"ఎవరితోనైనా అన్నావా?"

"లేదు. నువ్వు కాదంటే వెళ్లి ఇంకో గారె తింటాను."

ఆయన కాసేపు ఆ వీధిని, సరిగా కనపడని ఆ ముఖాలన్నిటినీ చూశాడు. తర్వాత ఇంజను ఆపి, జేబులోంచి తాళంకప్ప తాళం తీసి ఓస్మానీని పిలిచి ఇచ్చి, బానెట్ ఎత్తమన్నాడు.

ఓస్మానీ తల లోపల పెట్టాడు. వేలితో మట్టి తుడిచి ఇంజను నంబరు చదివాడు. బయటికి వచ్చిన ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"పెదనాన్నా, ఇది దీని ఇంజనే."

ఉబాల్దో నెమ్మదిగా లేచాడు.

"మరి నా గొలుసు కప్పీ రెండు రోజులు ఉంచుకుని ఏం చేశావురా?"

"పడుకున్నా," అన్నాడు నాన్న. "పెట్రోలు ట్యాంకులో చెత్త కడిగి, ఇంజను విప్పే ముందు ఆఖరిసారని తిప్పాను. స్టార్ట్ అయింది. తలుపు తీసేసరికి, కొత్త ఇంజను ఎక్కించేశాడని నువ్వు ఊరంతా చెప్పేశావు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల ముందు నిజం చెప్పడానికి నాకు నోరు రాలేదు."

ముందు ఉబాల్దో నవ్వాడు. నవ్వి నవ్వి కుర్చీతో సహా వెనక్కి పడ్డాడు. ఇక వీధిని ఆపేవాళ్లు లేకపోయారు. పోస్టుమాస్టరు గోడ పట్టుకుని నవ్వలేక ఏడ్చేశాడు. మా నాన్న చిన్నబోతాడని నేను భయపడ్డాను గానీ, ఆయనే అందరికంటే ఎక్కువ నవ్వి, కళ్లు తుడుచుకుంటూ నా చేతిలో కారు తాళం పెట్టాడు. తాళం వెచ్చగా ఉంది. నేను ఆయన్ని అక్కడే, అందరి ముందూ గట్టిగా ముద్దు పెట్టుకున్నాను.

అప్పటికప్పుడే ఒక చుట్టు తిప్పుదామన్నాను. నాన్న పక్క సీట్లో కూర్చుని, జీవితంలో మొదటిసారి కాళ్లు ఎక్కడ పెట్టాలో తెలియక ఇబ్బందిపడ్డాడు. వీధి మలుపు దాటేలోపే, పాత ఇంజనుని డెబ్బై ఏళ్లు బతికించడం కొత్తది ఎక్కించడం కంటే ఎంత కష్టమో నాకు చెప్పడం మొదలైంది. రేపటికి ఇదీ ఊరంతా పాకుతుందని నాకు అర్థమైంది.

వంతెన దగ్గర కారు ఆపగానే వేరుశనగ పొట్లాలమ్మే ఆమె కారు గుర్తుపట్టి కిటికీ దగ్గరికొచ్చింది. ఆవిడకి ఇంకా సంగతి తెలీదు. పందెంలో ఏ ఇంజనని తేలిందని నాన్నని అడిగింది.

"నన్నడుగుతావేంటమ్మా," అన్నాడు మా నాన్న, బొటనవేలు నా వైపు చూపిస్తూ. "కారు ఆవిడది. ఆవిడ్నే అడుగు."

నాకు నవ్వు ఆగలేదు, క్లచ్ మీది నుంచి కాలు తీసేశాను, ఇంజను ఆగిపోయింది.