జానెడు కోత

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. నరేశ్‌కు ఆ విద్యా రాదు. కోరుట్ల ఆస్పత్రి ఎమర్జెన్సీ వార్డులో కడుపు పట్టుకుని మెలికలు తిరుగుతూ, "నిన్న దావత్ల మటన్ ఎక్కువైంది మేడం. గ్యాస్ సూది ఒకటియ్యిండ్రి, పోత," అంటున్నాడు.

డ్యూటీ డాక్టర్ రాధిక అతని నాడి పట్టి చూసింది. నిమిషానికి నూట ఇరవై నాలుగు. బీపీ తొంభై దగ్గర ఊగుతోంది. మటన్‌కు ఇంత పౌరుషం ఎక్కడిది?

"ఇంకెక్కడన్న నొస్తుందా తమ్మీ?"

"ఎడమ భుజం గుంజుతుంది. బ్యాగులు మోసిన గదా."

రాధికకు అనుమానం వచ్చింది. కడుపులో రక్తం కారితే ఆ నొప్పి ఒక్కోసారి భుజానికి ఎక్కుతుంది. "ఎక్కడన్న పడ్డవా?" అని అడిగింది. లేదన్నాడు. మరీ తొందరగా అన్నాడు.

పక్కనే అతని తల్లి గంగవ్వ కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. మేడిపల్లి నుంచి కొడుకును ఆటోలో వేసుకొచ్చింది ఆమే. నరేశ్‌కు సాయంత్రం ఐదుకు హైదరాబాద్ బస్సు, తెల్లారితే దుబాయి విమానం. రెండేళ్లు ఏజెంటు చుట్టూ తిరిగితే వచ్చిన వీసా అది. గోడ గడియారంలో మూడున్నర.

రాధిక స్కానింగ్ మిషన్‌ను మంచం దగ్గరికి లాక్కొచ్చింది. జెల్ పూసి, ఎడమ పక్కటెముకల కింద ప్రోబ్ ఆనించింది. సిరిసిల్లలో మరమగ్గాల మధ్య పెరిగిన పిల్ల ఆమె. నేతలో ఒక్క పోగు తెగినా వాళ్ల నాయన దూరం నుంచే పట్టేసేవాడు. ఆ చూపు తనకూ ఉంటే బాగుండునని ఎన్నిసార్లనుకుందో. ఇవాళ అంత చూపుతో పనే లేకపోయింది. ప్లీహం చుట్టూ వేలెడు మందాన నల్లటి పట్టీ కొట్టొచ్చినట్టు కనబడింది. ఆ తెర మీద రక్తం నల్లగానే కనబడుతుంది.

సెలైన్ ఎక్కించమని నర్సుకు చెప్పి, 108ను పిలిపించి, జగిత్యాల సర్జన్‌కు ఫోన్ చేసింది. తర్వాత నరేశ్ మీదికి వంగింది.

"లోపల రక్తం కారుతుంది తమ్మీ. జగిత్యాల పోవాలె, ఇప్పుడే. పొట్ట కోయాల్సి రావచ్చు."

అప్పటిదాకా మూలిగిన మనిషి లేచి కూర్చున్నాడు. "కోత వద్దు. కోత ఉంటే దుబాయిల దిగినంక మెడికల్ల అన్‌ఫిట్ జేస్తరు. మా ఎల్లన్నను అపెండిక్స్ కుట్లు చూసి వాపసు పంపిండ్రు," అంటూ చేతి సూది పీక్కోబోయాడు.

అప్పుడు కక్కాడు అసలు సంగతి. మొన్న బండి మీద నుంచి పడితే హ్యాండిల్ డొక్కలో గుచ్చుకుంది. చెబితే స్కానింగంటారు, స్కానింగంటే కోతంటారు అనుకుని, ఊళ్లో ఆరెంపీ డాక్టర్ ఇచ్చిన నొప్పి గోలీలు మింగి పడుకున్నాడు. కుట్లకు భయపడి ప్రాణం మీదికి తెచ్చుకునే తెలివి మన గల్ఫ్ పిల్లలకే ఉంటుంది. రాధికకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. అతను సంతకం పెట్టకుండా ఎవరూ కత్తి పట్టలేరు. అంబులెన్సు వచ్చేలోపు రాధిక మళ్లీ ప్రోబ్ ఆనించి, తెరను అతని వైపు తిప్పింది.

"ఇందాక ఒక్క వేలు మందం. ఇప్పుడు రెండు వేళ్లు. నువ్వే సూడు."

నరేశ్ చూశాడు. పెదవులు తెల్లబడ్డాయి. "కోత ఎంతుంటది మేడం?"

చిన్నదేనని చెప్పొచ్చు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది కూడా. కానీ చెయ్యి చాపి చూపించింది. "జానెడు."

అతను గోడవైపు తిరిగిపోయాడు. గంగవ్వ నోట్లోంచి కొంగు తీసింది. అరవలేదు, ఏడవలేదు. తెర మీది నల్లటి పట్టీనే చూస్తూ చెప్పింది.

"మీ నాయన గూడ దుబాయికెల్లి కడుపు నొస్తుందని ఫోన్ జేసిండు. గోలీ ఏసుకొని పనికి పో అన్న. నేనే అన్న కొడుకా. నెల దినాలకు శవమై పెట్టెల అచ్చిండు. గీ ముచ్చట గిప్పటిదాక ఎవ్వలకు చెప్పలే."

నరేశ్ ముఖం గోడవైపే ఉంచి చెయ్యి చాపాడు. రాధిక అందులో పెన్ను పెట్టింది. సంతకం వంకరగా పడింది.

స్ట్రెచర్‌ను అంబులెన్సులోకి ఎక్కిస్తుంటే గంగవ్వ గుమ్మం దగ్గరే ఆగిపోయింది, కొడుక్కి ముఖం చూపలేక.

"అవ్వా, ఏంది గట్ల నిలవడ్డవు? ఎక్కు," అన్నాడు నరేశ్.