ముక్కు చీదని అక్క

పొలం గట్టు దగ్గర మాట గట్టిపడి, అంతయ్య పిడికిలి అక్క కొమురవ్వ ఎడమ కంటి మీద పడింది. కంటిగూటి అడుగున గుడ్డు పెంకంత పలుచని ఎముక పగిలింది. ఆ మీదట ఆమెకు ప్రతిదీ రెండుగా కనబడసాగింది. ఒక్క తమ్ముడితోనే వేగలేని మనిషికి ఇద్దరు తమ్ముళ్లు!

కరీంనగర్‌లో ఉండే బిడ్డ నవత ఆమెను దవాఖానాకు తీసుకుపోయింది. డాక్టరమ్మ పేరు స్పందన, మొహంలో మాత్రం ఏ స్పందనా లేదు. కింది రెప్ప లోపలి నుంచి కోసి, జారిన కండను పైకి లేపి, దాని కింద పలుచని రేకు పెట్టింది.

"ఇనుముది కాదమ్మా. ఎముక అతుక్కునేదాక మోస్తది, తర్వాత అదే కరిగిపోతది. గని ముక్కు మాత్రం చీదొద్దు. చీదితే గాలి కంటిగూట్లకు పోతది, రేకు జరుగుతది. చూపు గూడ పోవచ్చు."

"ముక్కుకు, కంటికి ఏం సంబంధం బిడ్డా?"

"పక్కపక్క ఇండ్లే. నీకు నడిమి గోడ పగిలింది."

లక్సెట్టిపేట అవతల ఉన్న పుట్టింట్లో ఈ సంగతి ఎవరికీ తెలియదు. కొట్టినవాడు చెప్పలేదు, దెబ్బ తిన్నదీ చెప్పలేదు. బిడ్డ దగ్గరికి పోయిందనుకున్నారు, అంతే.

గాయం ఇంకా పచ్చిగా ఉండగానే, మోటరు పెట్టబోయిన అంతయ్య కరెంటు తగిలి చనిపోయాడని ఫోను వచ్చింది.

"పోవద్దే అవ్వ," అంది నవత.

"తోడబుట్టినోడు పోతే పోకుంటె ఎట్లనే? ముక్కు ముట్టుకోను తియ్. ఒట్టి కండ్లతోనే ఏడుస్త."

అక్కడ తోడబుట్టినది వచ్చి రాగం తీసేదాకా ఏడుపుకు ఊపు రాదు. వాకిలి నిండా ఆడవాళ్లు ఆమె కోసమే చూస్తున్నారు. కొమురవ్వ కొంగును ఎడమ కంటి మీదికి లాక్కుని, పెదవులు బిగబట్టి గడప దాటింది.

"తమ్ముడు సస్తె కన్ను తడి గాలే, సూడుండ్రి," అని ఎవరో గొణిగారు.

అప్పుడు తమ్ముడి కుడి చెయ్యి కనబడింది. వేళ్ల కణుపు మీద మానీ మానని గాటు. తన ఎముక గీసిన గాటు.

"ఓ నా తమ్ముడా!" అంటూ కూలబడింది.

అంతయ్య పెండ్లాం వినోద వచ్చి ఆమె మెడ మీద పడింది. ఇద్దరూ ఊగి ఊగి ఏడ్చారు. కొమురవ్వ ముక్కు కారి పెదాలు దాటి గడ్డం మీదికి దిగింది. ఏడ్చేవాళ్ల ముక్కు కొంగుతో పట్టి చీదించడం అక్కడి ఓదార్పు. వినోద తన కొంగు తెచ్చి వదినె ముక్కు పట్టింది.

"చీదు వదినె, ఊపిరాడ్తలేదు నీకు."

కొమురవ్వ ఆ చేతిని విసిరికొట్టింది.

ఏడుపులు ఆగిపోయాయి. వినోద తన కొంగు వంక చూసుకుంది.

"ముండమోసినదాన్ననే గదా వదినె? గప్పుడే నా కొంగు అంటరానిదాయెనా నీకు?"

కన్ను కాచుకోబోతే కన్నవారిల్లు చేజారుతోంది. నవత ముందుకొచ్చింది.

"గట్ల గాదు అత్తమ్మా, అవ్వ కన్నుకు..."

కొమురవ్వ బిడ్డ చెయ్యి పట్టి గుంజి, చెవిలో అంది: "చెప్పకే. కన్నుకేమైందంటరు. ఎవలు కొట్టిండ్రంటరు. వాడింకా గీడనే పండుకొనున్నడు."

పాడె లేచింది. కొమురవ్వ వినోద వైపు రెండు చేతులూ చాచి నడిచింది. ఆడవాళ్లు మధ్యకు జరిగి అడ్డం నిలబడ్డారు. ఆమె అక్కడే ఆగి, నోటితో గాలి పీల్చుకుంటూ, ముక్కు తుడుచుకోకుండా ఉండిపోయింది.