మెట్లమీద మనిషి

ఆ ప్రొఫెసరు మెదడు ఆపరేషన్లు మొదలుపెట్టి ఇరవై ఎనిమిదేళ్లు. కణితి మాటల కేంద్రానికి దగ్గరగా ఉంటే, రోగిని మెలకువగా ఉంచి మాట్లాడిస్తూ కోయడంలో ఆయనది అందె వేసిన చేయి. సన్నటి కరెంటు పుల్లతో మెదడుమీద ఒక్కో చోటే తాకుతాడు. మాట తడబడితే అక్కడ కత్తి పెట్టడు.

ఆ వింత మాట ఆయన మొదట విన్నది ఒక దర్జీ నోట. కార్డుల మీద బొమ్మలు చూసి గొడుగు, బల్ల, కోడి అని చెబుతున్నవాడల్లా పుల్ల తాకగానే ఆగి, "అక్కా, మెట్లమీద ఎవరో కూర్చున్నారు" అన్నాడు. పాత జ్ఞాపకాలు అలా లేవడం మామూలే. ప్రొఫెసరు పట్టించుకోలేదు.

తొమ్మిదేళ్ల తర్వాత ఒక బస్సు డ్రైవరు. అదే చోటు, అవే మాటలు. తర్వాత వార్డులో అడిగితే, "నాకు అక్క ఎక్కడిదండీ? మా అమ్మకి నేనొక్కణ్ణే, నాతోనే విసిగిపోయింది" అని నవ్వాడు.

ఆ కేసులమీద వ్యాసాలు రాసి ప్రొఫెసరు పేరు తెచ్చుకున్నాడు. ఆ వాక్యం మాత్రం ఎక్కడా పెట్టలేదు. భార్యకి చెబితే, "మీకు నిద్ర చాలట్లేదు" అంది. "అంతేలే" అన్నాడు గానీ, ఆ రోజునుంచి ఆస్పత్రిలో లిఫ్టే ఎక్కేవాడు.

కిందటేడు వేసవిలో ఒక లెక్కల టీచరు వచ్చింది. ఆ చోటు వదిలేద్దామనుకున్నాడు. కానీ కణితి అంచు సరిగ్గా అక్కడే.

"సార్, అక్కడ చూడలేదు" అంది పక్కనున్న శిష్యురాలు.

తాకాడు.

"అక్కా, మెట్లమీద ఎవరో కూర్చున్నారు" అంది టీచరు.

శిష్యురాలి చేతిలో కార్డు ఆగిపోయింది. ప్రొఫెసరు ఉండబట్టలేక మళ్లీ అక్కడే తాకి, "ఎవరమ్మా?" అన్నాడు.

"తెలీదు. ఇందాకటిదాకా అటు తిరిగున్నారు. మీరు అడగ్గానే ఇటు తిరిగారు."

పుల్ల తీసేశాడు. "కోడి" అంది టీచరు, కార్డు చూస్తూ. ఆపరేషన్ బాగానే అయింది. ఆమెకి ఆ మాటలేవీ గుర్తులేవు.

"ఏం రాయమంటారు సార్?" అని శిష్యురాలు అడిగితే, "విన్నది విన్నట్టు రాయి" అన్నాడు. తర్వాత జరిగిన డాక్టర్ల సదస్సులో ముగ్గురి సంగతీ బయటపెట్టాడు. హాల్లో ఒక్కరూ ప్రశ్న వేయలేదు.

వారం తర్వాత, ఎప్పుడో రిటైరైన ఒక పెద్ద సర్జన్ ఫోన్ చేశాడు.

"బాబూ, నా రోగుల్లోనూ నలుగురు అదే మాట అన్నారు. పరువు పోతుందని నోరు మెదపలేదు."

ప్రొఫెసరుకి గుండెలమీది బరువు దిగింది. "అయితే నాకు పిచ్చి పట్టలేదన్నమాట!"

"లేదులే. ఒక్కటి చెప్పు. ఎవరని నువ్వు అడగలేదు కదా?"

"అడిగాను" అన్నాడు ప్రొఫెసరు. అవతల పెద్దాయన ఫోన్ పెట్టేశాడు.

ఆ నెల్లోనే ప్రొఫెసరు ఆపరేషన్లు మానేసి పాఠాలకే పరిమితమయ్యాడు. ఆయన చోట ఇప్పుడు శిష్యురాలు చేస్తోంది. ప్రతిసారీ ఆయన ఫోన్ చేసి, "ఏమన్నా అన్నారా?" అని అడుగుతాడు. అదే చోట పుల్ల తాకించినవాళ్లు ఇప్పటికి పదిహేడుమందయ్యారు. ఎవరూ ఏమీ అనలేదు. మెట్లమీద ఇప్పుడు ఎవరూ లేరన్నమాట.